పాత ఇనుముకు ఖర్జూరం

రంజాన్ నెలలో ఒక సాయంత్రం చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర ఎండుఫలాల దుకాణం ముందు నుంచి వెళ్తున్నాను. దుకాణం కుర్రవాడు అప్పుడే ఒక పెట్టె మూత ఊడదీశాడు. అందులో ఉన్నవి ఇప్పుడు అందమైన డబ్బాల్లో వచ్చే విడివిడి ఖర్జూరాలు కావు. గింజతో సహా ఒకదానికొకటి అతుక్కుని నల్లగా ముద్దకట్టిన పండు, కత్తితో కోసి తూచి అమ్మే రకం. బెల్లపు పాకం, గోనెపట్టా, ఏ మూలో కాస్త పులుపు కలిసిన ఆ వాసన తగలగానే అక్కడే నిలబడిపోయాను. ఎన్నో ఏళ్ళుగా వినని ఒక కేక చెవిలో పలికింది.

"పళయ ఇరుంబు... ఈయం... పిత్తళైక్కు... పేరీచ్చంపళం!"

పాత ఇనుము, సీసం, ఇత్తడి ఇవ్వండి, ఖర్జూరం తీసుకోండి అని. మద్రాసులో పెరిగిన నా వయసువాళ్ళకు, ఇంట్లో ఏ భాష మాట్లాడినా, ఈ తమిళ కేక అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుంది. పాత సామాను కొనే మనిషి డబ్బుకు బదులు పండు ఇచ్చిన రోజులవి.

* * *

మేము చాకలిపేటలో ఉండేవాళ్ళం. రాయపురం రైల్వే స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరం. దక్షిణాదిలో మొదటి రైలు 1856లో ఆ స్టేషను నుంచే బయలుదేరిందని నాన్నగారు ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. మాది స్టోరు ఇల్లు. పొడుగాటి నడవ, దానికి ఇరువైపులా వాటాలు, చివర అందరికీ కలిపి ఒకే కుళాయి, ఒకే బావి. వాటాల్లో సగం తెలుగువాళ్ళవి. నెల్లూరు వైపు నుంచి, చిత్తూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబాలు. మిగిలినవి తమిళులవి. మధ్యాహ్నం మగవాళ్ళు పనులకు, పిల్లలు బడికి వెళ్ళాక ఆ నడవ ఆడవాళ్ళ రాజ్యం.

వీధి అమ్మకాలన్నీ ఆ వేళకే వచ్చేవి. ఉప్పు బండి, ముగ్గుపిండి, రోళ్ళకు గాట్లు పెట్టే ఆవిడ, గిన్నెలకు కళాయి వేసేవాడు, కత్తులు సాన పట్టేవాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో రాగం. మా నాయనమ్మకు చూపు మందగించాక కూడా ఎవరు ఏ మలుపు దగ్గర ఉన్నారో గొంతును బట్టే చెప్పేది.

ఖర్జూరం తాత గొంతు మాత్రం పిల్లలకే ముందు వినిపించేది. అసలు పేరు మాకు తెలియదు, మేమెవరమూ అడగలేదు. పొట్టి మనిషి, మోకాళ్ళ పైకి ఎగగట్టిన లుంగీ, నెత్తిన వెదురు గంప, భుజాన మడిచిన గోనెసంచులు. గంపలో ఒక మూల తడిగుడ్డ కప్పిన రేకుడబ్బా. అందులో ఖర్జూరం. సెలవు రోజున ఆయన వీధిలోకి వచ్చాడంటే పిల్లలందరం దాచుకున్న సరుకుతో పరుగెత్తేవాళ్ళం. వంగిన మేకులు, తలుపు బందులు, తెగిన సైకిలు గొలుసు, జట్కా గుర్రం కాలి నుంచి ఊడిపడిన లాడం. లాడం దొరికిన పిల్లవాడు ఆ వారానికి వీధిలో మొనగాడు. తాత ఇనుమును అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేసి చూసేవాడు. పిల్లల సరుకుకు త్రాసు తీసేవాడు కాదు. చాకుతో ముద్దలోంచి ఒక ముక్క కోసి, కాగితం మీద పెట్టి ఇచ్చేవాడు. ఆ ముక్కలో ఒక్కోసారి చిన్న పీచో ఇసుక రేణువో తగిలేది. ఊసేసి మళ్ళీ నమిలేవాళ్ళం.

ఒక నియమం ఆయన ఎప్పుడూ తప్పలేదు. పిల్లలు బాగున్న వస్తువు పట్టుకొస్తే తీసుకునేవాడు కాదు. మా తమ్ముడు ఒకసారి ఇత్తడి గరిటె తెచ్చాడు. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వాడి చెయ్యి పట్టుకుని మా గడప దాకా నడిపించుకొచ్చాడు. "అమ్మా, ఇది మీకు తెలిసే వచ్చిందా?" అని తెలుగులోనే అడిగాడు. మా వీధిలో తిరిగి తిరిగి ఆయనకు తెలుగు పట్టుబడింది. అంకెలైతే ఇరవై దాకా మా నాయనమ్మ యాసలోనే పలికేవాడు. గరిటె వంటింట్లోకి వెళ్ళిపోయింది. తమ్ముడికి మాత్రం ఒక ఖర్జూరం ముక్క ఉత్తపుణ్యానికి దొరికింది.

* * *

పిల్లల ఇనుముకు పండు, పెద్దల కాగితాలకు డబ్బు. కాగితాల తూకం రోజున మాత్రం మా నడవలో వాతావరణమే మారిపోయేది.

చేత్తో పట్టుకునే త్రాసు. పైన పురి తాడు, మధ్యలో ముల్లు, రెండు వైపులా రేకు తట్టలు. ఆయన దగ్గర ఉండేది ఒక కిలో రాయి, ఒక అరకిలో రాయి మాత్రమే. వీధులన్నీ మోసుకు తిరిగేవాడు అంతకన్నా బరువు రాళ్ళు ఎక్కడ పెట్టుకుంటాడు? అందుకని ముందు ఒక కిలో కాగితాలు తూచేవాడు. తూచిన ఆ కాగితాలను రాయి ఉన్న తట్టలోకి మార్చి, ఆ రెండింటికీ సమానంగా రెండు కిలోలు తూచేవాడు. చూడటానికి సులువే. కానీ మొదటి తూకంలో కాస్త తేడా ఉన్నా అది తర్వాతి తూకంలోకి కూడా పాకుతుంది. నాయనమ్మ బడి మొహం చూడని మనిషి, ఈ లెక్క మాత్రం ఆమెకు బాగా తెలుసు. మొదటి కిలో తూచేటప్పుడు ముల్లు దగ్గర ముఖం పెట్టి కూర్చునేది. "వేలు తియ్యవయ్యా తాడు మీద నుంచి" అనేది. ఆయన "వేలు తీస్తే త్రాసు కింద పడుతుంది పెద్దమ్మా" అనేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు, ఇద్దరూ ముల్లునే చూస్తూ ఉండేవారు.

ఆమె లెక్క ఇంకా వీశల్లోనే ఉండేది. 1960ల మొదట్లోనే కిలోలు తప్పనిసరి అయినా, ఆమె నోట వీశ, పలం పోలేదు. మద్రాసు వీశ అంటే దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. తాత కిలోల్లో చెప్పిన ధరను ఆమె మనసులో వీశల్లోకి మార్చుకుని, బేరం చేసి, మళ్ళీ కిలోల్లోకి దింపేది. ఇదంతా తమలపాకుకు సున్నం రాస్తూనే.

ఒక్క విషయంలో ఆమె చివరిదాకా రాజీపడలేదు. ఇంగ్లీషు పేపరుకు ఒక ధర, తెలుగు, తమిళ పేపర్లకు అంతకన్నా తక్కువ ధర. పిన్నులు కొట్టిన వారపత్రికలకు ఇంకో ధర. ఇంగ్లీషు పేపరు కాగితం తెల్లగా, దళసరిగా ఉంటుందనీ, కాగితపు సంచులు అంటించేవాళ్ళు దాన్నే కోరి అడుగుతారనీ తాత చెప్పేవాడు. నాయనమ్మ ఒప్పుకునేది కాదు. ఎదురు వాటాలో ఇంగ్లీషు పేపరు తెప్పించే గుమాస్తాగారి కట్ట నలిగి, కాఫీ మరకలతో ఉండేది. మా కట్ట మడత చెదరకుండా, తారీఖుల వరసలో ఉండేది. "శుభ్రానికి విలువ లేదా?" అని అడిగేది. ఆమె మనసు నొప్పించకుండా తాత మా కట్టకు చివర్లో పది పైసలు కలిపేవాడు. ఆ పది పైసలు ఆమెకు పెద్ద గౌరవం.

చందమామలు మాత్రం తూకానికి వెళ్ళలేదు. అది మా ఊళ్ళోనే, వడపళనిలో అచ్చవుతుందని మాకు చెప్పలేనంత గర్వం. నాన్నగారు ఏడాదికొకసారి సంచికలన్నీ కలిపి దారంతో కుట్టి, అట్ట అంటించి పెట్టేవారు.

* * *

ఇత్తడి ఇంట్లోంచి వెళ్ళిపోయిన కాలం నాకు బాగా గుర్తుంది.

ముందు ఎవర్‌సిల్వర్ వచ్చింది. మద్రాసు ఇళ్ళలో స్టెయిన్‌లెస్ స్టీలుకు అదే పేరు. చింతపండుతో తోమక్కర్లేదు, కళాయి అక్కర్లేదు, పులుసు కిలుము పట్టదు. ఆ తర్వాత నీళ్ళ కరువు వచ్చింది. బావి ఎండింది, కుళాయిలో గాలి వచ్చింది. 1978లో నగరానికి నీళ్ళు సరఫరా చేసే మెట్రోవాటర్ సంస్థ ఏర్పడ్డాక కూడా మా ఉత్తర మద్రాసు ఆడవాళ్ళ బతుకులో సగం నీళ్ళ లారీ వెనక పరుగులోనే గడిచింది. ఇత్తడి బిందె ఖాళీగా ఉన్నప్పుడే బరువు. నిండు బిందె చంకనెత్తుకుని లారీ దగ్గర నుంచి ఇల్లు చేరేసరికి అమ్మకు నడుము పట్టేసేది. సరిగ్గా అప్పుడే ఎరుపు, పచ్చ, నీలం రంగుల ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి. తేలిక. వరుసలో మన గుర్తుగా పెట్టి వచ్చినా ఎవరూ ఎత్తుకుపోరు. ఒక్క వేసవిలోనే మా స్టోరులో దాదాపు ప్రతి వాటా నుంచీ ఇత్తడి బిందె బయటికి వెళ్ళింది.

అవి వెళ్ళింది తాత గంపలోకే. ఆయన ఒక తాడుకు అయస్కాంతం కట్టుకుని తెచ్చేవాడు, పైన ఇత్తడి పూత పూసిన ఇనుము కాదు కదా అని చూడటానికి. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందెకు అది ఆనించనే లేదు. మెడ దగ్గర చెక్కిన పేరును వేలితో తడిమి చూశాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. "ఏమి రాసి ఉందమ్మా?" అని అడిగాడు. అమ్మ చదివి వినిపించింది. ఆమె పేరు, మా అమ్మమ్మగారి ఊరు, పెళ్ళి జరిగిన సంవత్సరం పేరు. ఆయన తల ఊపి, తూచి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఒక బిందె గోనెలోకి వెళ్తే ఇంక దేనికీ చోటు ఉండదు. అందుకని పాత సామాను కొనేవాళ్ళు ఇత్తడి పాత్రలను అక్కడికక్కడే సుత్తితో కొట్టి చదును చేస్తారు. మా వీధికి వచ్చే మిగతావాళ్ళు అలాగే గుమ్మం ముందే కొట్టేవారు. తాత మాత్రం ఆ బిందెలను ఒక్కొక్కటిగా మోసుకుని మలుపు దాటి, మసీదు పక్క ఖాళీ స్థలం దాకా వెళ్ళి, అక్కడ కొట్టేవాడు. ఎండలో అన్నిసార్లు ఎందుకు తిరుగుతున్నావని నాయనమ్మ అడిగితే, "ఇచ్చినవాళ్ళ చెవిన ఆ చప్పుడు పడకూడదు పెద్దమ్మా" అన్నాడు.

నాకు అప్పటికి తొమ్మిదో పదో ఏళ్ళు. ఆ మాట ఎందుకంత లోతుగా దిగిందో అప్పుడు తెలియదు. ఇప్పటికీ ఏ మనిషి మర్యాద గురించి ఆలోచించినా, ముందు ఆయన నెత్తిన ఎండలో మెరుస్తూ మలుపు తిరిగే ఆ బిందెలే కనబడతాయి.

నాయనమ్మ తన గంగాళం ఇవ్వలేదు. అది వేరే కథ.

* * *

తాత సరుకు చేరే చోటును మేము కాయలాన్ కడ అనేవాళ్ళం. మద్రాసులో పాత సామాను కొట్టుకు అదే పేరు. మా వీధికి రెండు మలుపుల అవతల ఉండేది. బయట నిలువెత్తు తూనిక కాటా, లోపల చీకటి. ఒక మూల సీసాలు, రంగు వారీగా. ఒక మూల పాల కవర్లు, కడిగి ఆరబెట్టినవి వేరు, కడగనివి వేరు. ఇనుములో కూడా పోత ఇనుము వేరు, రేకు వేరు. చీకట్లో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని పొద్దుగూకే దాకా ఏరుతూనే ఉండేవారు. వాళ్ళ చేతులకు కోతలు పడి కట్లు కట్టి ఉండేవి. చెత్తను వేరుచేయడం మాకు ఇప్పుడు నేర్పుతున్నారు గానీ, ఈ నగరంలో ఆ పని అప్పటికే తరాలుగా ఆ చీకటి కొట్లలో జరుగుతూ వచ్చింది.

పుస్తకాలను తాత తూకంలో కలిపేవాడు కాదు. బొమ్మలున్నవీ అట్ట బాగున్నవీ విడిగా కట్టి, నెలకొకసారి మూర్ మార్కెట్‌కు తీసుకెళ్ళేవాడు. సెంట్రల్ స్టేషను పక్కన 1900లో తెరిచిన ఎర్ర ఇటుకల మార్కెట్ అది. పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, గడియారాలు, పావురాలు, అన్నీ అక్కడే. నాన్నగారు జీతం అందిన మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. అక్కడ ఒకసారి ఒక తెలుగు నిఘంటువు తెరిస్తే, మొదటి పుటలో మా స్టోరు చివరి వాటాలో ఉండి చనిపోయిన పంతులుగారి సంతకం ఉంది. నాన్నగారు బేరమాడకుండా కొన్నారు. 1985లో ఆ మార్కెట్ కాలిపోయింది. ఆ రాత్రి ఎన్ని ఇళ్ళ అల్మారాలు అక్కడ బూడిదయ్యాయో. ఇప్పుడు ఆ స్థలంలో సబర్బన్ రైళ్ళ స్టేషను ఉంది.

* * *

ధనుర్మాసం చివరి వారం తాతకు ఏడాదిలో అతి పెద్ద గిరాకీ. భోగికి ముందు ఇల్లు దులిపి, సున్నం వేసి, పాతవన్నీ బయట పడేస్తారు. భోగినాడు తెల్లవారుజామున పిల్లలు చిన్న డప్పులు వాయిస్తుంటే అవన్నీ మంటల్లో వేస్తారు. చాప, తట్ట, చీపురు కాలిస్తే ఏమీ కాదు. కానీ కాలం గడిచేకొద్దీ ఆ మంటల్లోకి సైకిలు టైర్లు, ప్లాస్టిక్కులు కూడా వచ్చాయి. తాత ఆ వారమంతా తెల్లవారకముందే వచ్చి, "మంటలో వెయ్యకండమ్మా, నాకు ఇవ్వండి" అని గుమ్మం గుమ్మం దగ్గరా బతిమాలేవాడు. డబ్బు వచ్చేవాటికే కాదు, ఏమీ రానివాటికి కూడా.

2018 భోగినాడు ఆ పొగకు పొగమంచు తోడై చెన్నై విమానాశ్రయంలో విమానాలు దిగలేకపోయాయి. టీవీలో ఆ వార్త చూస్తుంటే, చీకట్లో గోనెసంచి పట్టుకుని మంట దగ్గర నిలబడి టైరు ముక్క అడుక్కున్న మనిషి గుర్తొచ్చాడు.

* * *

నాన్నగారు జార్జిటౌన్‌లో ఒక చిన్న తెలుగు ముద్రణాలయంలో కంపోజిటరు. పెళ్ళి పత్రికలు, వ్రతకల్పాలు, శతకాలు, బడి పుస్తకాలకు ప్రశ్నోత్తరాలు అచ్చువేసేవారు. కేసు (అక్షరాల గళ్ళ పెట్టె) ముందు నిలబడి, ఎడమ చేతిలో స్టిక్కు (అక్షరాలు పేర్చే చిన్న చట్రం) పట్టుకుని, కుడి చేత్తో అక్షరాలు ఏరి తలకిందులుగా పేర్చడం ఆయన పని. తెలుగుకు అక్షరాలతో పాటు గుణింతాలు, వత్తులు, అన్నిటికీ వేరువేరు గళ్ళు ఉండాలి. వందల గళ్ళు. కళ్ళు మూసుకుని కూడా ఆయన చెయ్యి సరైన గడిలోకే వెళ్ళేది.

ఆ అక్షరాలు సీసం, యాంటిమొని, తగరం కలిపి పోసినవి. అరిగినవాటిని డబ్బాలో పోగుచేసి ఫౌండ్రీకి పంపితే, పోత కూలి తీసుకుని, తూకానికి తగ్గ కొత్త అక్షరాలు ఇచ్చేవారు. సీసానికి పాత సామాన్లలో మంచి ధర. తాత ఒకసారి ఆశగా అడిగాడు, ప్రెస్సులో అరిగిపోయిన ముక్కలేమైనా వస్తాయా అని. నాన్నగారు "అందులో ఒక్క ముక్క కూడా నాది కాదయ్యా" అన్నారు. తాత మళ్ళీ అడగలేదు.

సీసపు అక్షరాలు అక్కర్లేని ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చింది, తర్వాత కంప్యూటరు వచ్చింది. ముద్రణాలయం మూసేయాలనుకున్నప్పుడు యజమాని, అక్షరాలు కొనేందుకు నమ్మకమైన మనిషి ఎవరైనా ఉన్నారా అని నాన్నగారినే అడిగారు. ఆయన ఖర్జూరం తాతనే సూచించారు. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. ఆ రోజు నాన్నగారితో నేను కూడా వెళ్ళాను.

తాత బాగా ముసలివాడైపోయాడు. కొడుకు ట్రైసైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. కేసులు ఒక్కొక్కటే గోనెలోకి వంచారు. గోనెలో పావు వంతు కూడా నిండలేదు, ఇద్దరు పట్టినా లేవలేదు. అంత బరువు. తూకం ముగిసింది. తాత గోనె దగ్గర కూర్చుని ఒక పిడికెడు అక్షరాలు తీసి చూస్తూ, "అయ్యా, ఇందులో మీ పేరు ఉంటుందా?" అని అడిగాడు. నాన్నగారు కింద కూర్చుని, గోనెలో చెయ్యి పెట్టి, కాస్త వెతికి, తన పేరు స్టిక్కులో పేర్చారు. ఇంకులో అద్ది ఒక కాగితం ముక్క మీద నొక్కి తాతకు ఇచ్చారు. తాత దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాన్నగారు అక్షరాలను గుడ్డతో తుడిచి మళ్ళీ గోనెలో వేశారు. ఒకటైనా ఉంచుకోమని తాత కొడుకు అన్నాడు. "తూచేశావు కదా, తగ్గకూడదు" అన్నారు నాన్నగారు. ఇంటికి వెళ్ళే దారిలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి వెళ్ళారు.

* * *

ఇప్పుడు మేముండే అపార్టుమెంటు వీధిలో ట్రైసైకిలు మీద స్పీకరు పెట్టుకుని ఒక అబ్బాయి వస్తాడు. రికార్డు చేసిన గొంతు. పేపరు, పుస్తకం, ప్లాస్టిక్, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, బ్యాటరీ అంటూ జాబితా చదువుతుంది. ఖర్జూరం లేదు. అంకెలు చూపే కాటా, ఫోనులో డబ్బు. ఫోనులో ముందే చెప్పి పెడితే వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. సౌకర్యమే, కాదనను. కానీ ఆ అబ్బాయి పని తాత పని కన్నా కష్టం. చిప్స్ పొట్లాల కవర్లు, థర్మోకోల్, పలచటి సంచులు ఎవరూ కొనరు. అవన్నీ ఉత్తర చెన్నైవైతే కొడుంగయ్యూరు దిబ్బకు, దక్షిణానివైతే పెరుంగుడి దిబ్బకు చేరుతూ వచ్చాయి. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్కులను నిషేధించినా, మా గుమ్మం ముందు అవి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెత్త ఏరుకునేవాళ్ళనూ పాత సామాను కొనేవాళ్ళనూ గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని చెప్పాయి. చదివినప్పుడు సంతోషం కలిగింది. గుర్తింపు కార్డు, చేతి తొడుగులు, నిలబడటానికి నీడ, తూచడానికి చోటు. ఆ చీకటి కొట్టులో చేతులకు కట్లతో కూర్చున్న ఆడవాళ్ళకు ఇవేవీ ఉండేవి కావు. వాళ్ళ మనవరాళ్ళకైనా ఉండి తీరాలి.

పోయిన ఏడాది మేనకోడలి పెళ్ళి మాటలకు ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఒక హోటలుకు వెళ్ళాం. లోపలికి వెళ్ళగానే పెద్ద ఇత్తడి బిందె, నిండా నీళ్ళు, పైన బంతిపూలు. మెడ దగ్గర తెలుగు అక్షరాలు. వంగి చదివాను. మా అమ్మది కాదు. ఎవరో తండ్రి కూతురి పెళ్ళికి ఇచ్చింది. ఆమె పేరు, ఊరి పేరు, ప్లవంగ నామ సంవత్సరం. కారైక్కుడిలో పాత వస్తువుల దుకాణం నుంచి తెచ్చామని కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి చెప్పింది. ఆ గీతలు ఏదో నగిషీ అనుకుందట. నేను పేరు చదివి వినిపిస్తే, మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చెప్పమని అడిగి, తమిళంలో ఒక చీటీ మీద రాసుకుంది. ఎవరైనా అడిగితే చెప్పడానికట.